పని చేయని మనిషి

"పెట్టను," అంది శివపార్వతి మూడోసారి.

మొదటిసారి అన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి అన్నప్పుడు మార్కండేయులు నవ్వి, "మీరు టీ తాగండి, సంతకం అదే పెడుతుంది," అన్నాడు ఎదురుగా కూర్చున్న వెంకటకృష్ణారావుతో. మూడోసారికి టీ చల్లారిపోయింది, మార్కండేయులు నవ్వు కూడా పోయింది.

కాగితం చాప మీద ఉంది. పైన ఇంగ్లీషు, కింద తెలుగు. ‘మార్కండేయులు భార్యనైన నేను గృహిణిని. మా ఇంట్లో జరిగే నేత పనిలో నేను ఏనాడూ ఏ పనీ చేయలేదు. ఆడిటరుగారితో నేను అన్న మాటలు పొరపాటున అన్నవి.’ దాని కింద ఒక గీత. ఆ గీత మీద శివపార్వతి సంతకం పడితే ముప్ఫై రెండు ఇళ్ళు నిలబడతాయి. పడకపోతే నిలబడవు.

మంగళగిరిలో ఆ ముప్ఫై రెండు ఇళ్ళ మగ్గాలకీ మార్కండేయులే పెద్ద. నూలు ఇచ్చేది ఆయనే, నేసిన బట్ట తీసుకునేదీ ఆయనే. ఆ బట్టని ఓడ ఎక్కించేది బెజవాడ ఎగుమతి ఏజెంటు వెంకటకృష్ణారావు. కొనేది హాంబుర్గులో ఒక కంపెనీ. కిందటేడు ఆగస్టుదాకా అమెరికాలో ఇంకో కంపెనీ ఉండేది. అక్కడ సుంకం రెట్టింపు చేసిన వారానికే వాళ్ళు ‘సారీ’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. మిగిలింది ఈ ఒక్క గుమ్మం. దీనికి కూడా ఈ సాయంత్రం నాలుగింటిదాకానే గడువు.

వెంకటకృష్ణారావుది ఒక గొప్ప గుణం. ఎవరి కొంప అంటుకున్నా ఆయన గొంతు పెరగదు.

"యాభై ముగ్గురు పెట్టారు చెల్లెమ్మా," అన్నాడు మెత్తగా. "ముప్ఫై రెండు ఇళ్ళల్లో కలిపి యాభై నలుగురు ఆడవాళ్ళు. నువ్వొక్కదానివే మిగిలావు. ఆ ఆడిటరమ్మతో మాట్లాడింది నువ్వు కాబట్టి, వాళ్ళకి అందరికంటే నీ సంతకమే కావాలి."

"నేను ఆవిడతో అబద్ధం చెప్పలేదు అన్నయ్యగారూ."

"చెప్పలేదనేగా ఈ గొడవంతా!" మార్కండేయులు తొడ చరుచుకున్నాడు. "ఊళ్ళో యాభై నలుగురు ఉంటే, నోరు విప్పడానికి ఇదే దొరికింది. నీ నోటి దురద కొంప ముంచిందే!"

నిజం చెప్పుకోవాలంటే, శివపార్వతి నోటి దురద మనిషి కాదు. ఎవరూ అడగని మాట ఒకళ్ళు అడిగితే చెప్పింది, అంతే.

మూడు వారాల కిందట హాంబుర్గు కంపెనీ తరఫున చెన్నై నుంచి ఒక ఆడిటరమ్మ వచ్చింది. తెలుగు బాగానే వచ్చు. మగ్గాలు చూసింది, మగవాళ్ళ కూలి చీటీలు చూసింది, అన్నీ బాగున్నాయంది. అంతటితో పోతే ఏ గొడవా లేకపోను. పోతూ పోతూ, రాట్నం ముందు కూర్చుని, మగ్గం నాడెలో పెట్టే కండెలకి నూలు చుడుతున్న శివపార్వతి పక్కన చతికిలపడి, "అమ్మా, మీరు రోజుకి ఎంతసేపు చేస్తారు?" అంది.

ముప్ఫై మూడేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు ఉంటే కదా! శివపార్వతి మురిసిపోయింది. తెల్లవారుజామునే లేచి రాట్నం పడతానంది. వీధిలో పడుగు పోగులు బారుగా చాపి గంజి పెట్టేది కూడా తనేనంది. తను చుట్టిన కండె మీద నూలు తెగదని, పడుగు పోగులు అతకాలంటే పక్క వీధివాళ్ళు కూడా తననే పిలుస్తారని చెప్పింది.

"మరి మీకు కూలి ఎంతిస్తారు?"

పకపకా నవ్వింది మన పిచ్చితల్లి. "కూలేంటమ్మా? నేనేమన్నా పైమనిషినా?"

ఇంటి ఇల్లాలి పనికి కూలి కట్టడమంటే ఆవిణ్ణి పరాయిదాన్ని చేయడం కిందే లెక్క ఆ వీధుల్లో. కూలి తీసుకోనని చెప్పడం అక్కడ గొప్ప. ఆ గొప్ప కాస్తా హాంబుర్గు చేరేసరికి నేరమైపోయింది. పైగా శివపార్వతి ఆ ఆడిటరమ్మకి బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క చేతిలో పెట్టి మరీ సాగనంపింది.

"అమ్మా, ఇటు చూడు," అన్నాడు కిరణ్‌కుమార్. కంపెనీతో ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ కొడుకే చూస్తాడు. "వాళ్ళ దేశంలో చట్టం ఉంది. వేరే దేశంలో ఎవరిచేతన్నా జీతం ఇవ్వకుండా పని చేయిస్తే, ఆ సరుకు కొన్నవాళ్ళని కూడా నిలదీస్తారు. అందుకని వాళ్ళకి భయం. నీ గురించి రిపోర్టులో ‘వేతనం లేని శ్రమ’ అని రాశారు."

"అంటే ఏంటి రా?"

కిరణ్ నసిగాడు. "అంటే... ఇంట్లో నీచేత వెట్టి చేయించుకుంటున్నాం అన్నట్టు."

"విన్నావా?" మార్కండేయులు భార్య వైపు తిరిగాడు. "నేను నీచేత వెట్టి చేయించుకుంటున్నానంట! నేను! ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్నవాడు నా సంసారం గురించి రాశాడు. చెప్పవే, చెప్పు. ఈ పెద్దమనిషి ముందు చెప్పు."

ఆమె కాదంటుందని ఆయన చూశాడు. వెంకటకృష్ణారావు కూడా చూశాడు. శివపార్వతి కాదనలేదు, అవుననలేదు. చాప అంచు సరిచేసుకుంటూ కూర్చుంది.

ఆ ఊరుకోవడం మార్కండేయులుకి చెంపదెబ్బలా తగిలింది. లేచి గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

వంటింటి గుమ్మంలోంచి కోడలు రేణుక మాట్లాడింది. "మావయ్యగారూ, నేనొకటి అడగనా? పనివాళ్ళ లిస్టులో మా పేర్లు రాసేస్తే పోదా? అత్తయ్యకి, నాకు, అందరికీ కూలి కట్టి, ధర అంత పెంచమని అడగొచ్చుగా? చట్టం అడిగేది అదేగా?"

"రేణూ, నువ్వూరుకో," అన్నాడు కిరణ్.

"అడగనివ్వు బాబూ, మంచి మాటే అడిగింది," అన్నాడు వెంకటకృష్ణారావు. "కానీ అమ్మా, ధర ఒప్పందంలో బిగించేశారు. రెండేళ్ళు కదపడానికి లేదు. పెంచమంటే, ఇంకో దేశంలో మరమగ్గం మీద నేయించుకుంటామంటారు. కాదు అన్యాయం అని తగువు పెట్టుకోవాలంటే హాంబుర్గు కోర్టులోనే పెట్టుకోవాలి. పదిహేడో పేజీలో ఉంది."

"పదిహేడో పేజీ మాకెవరు చదివి చెప్పారండీ?" అంది రేణుక.

వెంకటకృష్ణారావు మెల్లిగా తల తిప్పి కిరణ్ వంక చూశాడు. అందరూ కిరణ్ వంకే చూశారు.

"చదివాను," అన్నాడు కిరణ్ నేల చూపులు చూస్తూ. "అన్ని ఒప్పందాల్లోనూ ఉండేదే కదా అనుకున్నాను. అమెరికా ఆర్డరు పోయిన వారం అది. ఏం పెట్టమంటే అది పెట్టేసేవాణ్ణి నాన్నా అప్పుడు."

"పొద్దున నాకు కూడా అలాగే, పెట్టెయ్యమని ఇచ్చారు కాగితం," అంది రేణుక. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను చదివాను అత్తయ్యా. చదివే పెట్టాను. నేనేమీ చెయ్యలేదని రాసి ఉంటే, కింద నా పేరు రాశాను. అప్పటినుంచీ అన్నం సయించట్లేదు."

"నీకెందుకమ్మా ఏడుపు? నాలుగేళ్ళేగా అయింది నువ్వొచ్చి," అంది శివపార్వతి. ఆ మాటలో కోపం లేదు. "నాకే... నాకే గొంతు దిగట్లేదు."

"పోనీ, రాయడం కష్టంగా ఉంటే వేలిముద్ర వెయ్యి చెల్లెమ్మా," అన్నాడు వెంకటకృష్ణారావు, జేబులోంచి ఇంకు డబ్బీ తీస్తూ. ఆయన అన్నిటికీ సిద్ధపడే వచ్చాడు.

శివపార్వతి చెయ్యి చాచి అరచెయ్యి పైకి పెట్టింది.

"పడదండీ. మా వార్డు సచివాలయంలో ఎప్పుడూ పడదు. ఆ మిషను మీద ఎన్నిసార్లు నొక్కినా రాదు. కంటిపాప చూపించి పని కానిచ్చుకుంటాను."

బొటనవేలు, చూపుడువేలు నున్నగా ఉన్నాయి. నూలు పోగు జారి జారి గీతలన్నీ అరిగిపోయాయి. చూపుడువేలి పక్కన మాత్రం పోగు కోసిన గాడి ఒకటి లోతుగా ఉంది. వెంకటకృష్ణారావు ఒక్క క్షణం చూసి, డబ్బీ మూత పెట్టి, చల్లారిన టీ తాగడం మొదలుపెట్టాడు.

"నేనేం పెద్ద చదువులు చదివానా, ఉద్యోగాలు చేశానా?" అంది శివపార్వతి. "నాకు వచ్చింది ఇదొక్కటే అన్నయ్యగారూ. ఆరేళ్ళప్పుడు మా అమ్మ రాట్నం ముందు కూర్చోబెట్టింది. వీడు కడుపులో ఉన్నప్పుడు నొప్పులు మొదలైనా, ఉన్న కండె అయిపోగొట్టే లేచాను. ఆవిడెవరో వచ్చి నీ పని ఏంటి అని అడిగితే ఒళ్ళు పొంగిపోయింది నాకు. ఇప్పుడు ఏనాడూ ఏమీ చెయ్యలేదని నా చేత్తో నన్నే రాయమంటారా? పోనీ చేశాను, కూలి వద్దన్నాను అని రాయండి. పెడతాను."

"అలా రాస్తే ఒప్పుకోరు చెల్లెమ్మా. వద్దన్నా ఇవ్వాల్సిందే అంటారు."

"మీ అందరి మంచికోసం అబద్ధమాడటం నాకు కొత్త కాదు. ఇది ఆ రకం అబద్ధం కాదండీ. దీనికి మనసు రావట్లేదు."

మార్కండేయులు తల పట్టుకున్నాడు. తిట్టడానికి మాటలు అయిపోయినట్టున్నాయి. "పార్వతీ," అన్నాడు చివరికి. కోపంలో ‘ఏమే’, మామూలప్పుడు కూడా ‘ఏమే’. పేరు పెట్టి పిలవడం కిరణ్ పుట్టాక ఇదే మొదటిసారి. "నీకు దండం పెడతాను. ఒక్క సంతకం."

ఆమె తల అడ్డంగా ఊపింది.

పన్నెండు దాటుతుండగా పక్కింటి భానుచందర్ వచ్చాడు. వరసకి కొడుకవుతాడు. మార్కండేయులు దగ్గర నూలు తీసుకుని నేస్తాడు. గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా నేరుగా వచ్చి శివపార్వతి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"పిన్నీ, నువ్వు పెట్టనన్నావంట. నిజమేనా?"

"భానూ, లేరా. ఏందిది?"

"లేవను. అమెరికా ఆర్డరు పోయినప్పుడు నేనేం చేశానో నీకు తెలుసుగా? ఆటోనగర్‌లో రెండు నెలలు లారీ చాసిస్‌ల కింద దూరి గ్రీజు కడిగాను. ఎంత తోమినా చేతులకి ఆ జిడ్డు పోలేదు. పండక్కి మగ్గం ఎక్కితే తెల్ల పడుగు మీద నల్ల వేళ్ళు పడ్డాయి పిన్నీ. బట్టంతా పాడైంది. మగ్గం గుంటలో కూర్చుని ఏడ్చాను." అతను ఇప్పుడు కూడా ఏడుస్తున్నాడు. "మళ్ళీ నన్ను అక్కడికి పంపకు. మా ఆవిడ పెట్టింది. మా అమ్మ పెట్టింది. నీకు పరువు కావాలంటే మేమంతా ఇస్తాం. ఊరంతా తిరిగి చెబుతాను, పిన్ని అంత పనిమంతురాలు లేదని. కాగితం మీద మాత్రం పెట్టు తల్లీ."

శివపార్వతి అతని తల మీద చెయ్యి వేసింది. పక్క వీధిలో కూరగాయల బండివాడి కేక ఒక్కటే వినపడుతోంది.

"పెన్ను ఇటివ్వు," అంది.

రేణుక ఇవ్వలేదు. కిరణ్ ఇచ్చాడు.

వయోజన విద్యలో నేర్చుకున్న అక్షరాలు. ‘శి’ దగ్గర ఆగింది, ‘ర్వ’ దగ్గర వత్తు సరిగా పడలేదు. రాసి, పెన్ను మూత పెట్టి, కాగితం ముందుకి తోసింది. ఎవరి మొహమూ చూడలేదు.

"బతికించావు," అన్నాడు మార్కండేయులు. ఆ మాట తనకే వినపడనంత మెల్లిగా అన్నాడు.

కిరణ్ ఫోన్‌తో కాగితం ఫోటో తీసి, మిగతా యాభై మూడింటితో కలిపి అప్పటికప్పుడే పంపేశాడు. భానుచందర్ కళ్ళు తుడుచుకుని ఇంటికి పరిగెత్తాడు. వెంకటకృష్ణారావు లేచి, గుమ్మం బయట చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, మర్చిపోయిన మాట ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"అన్నట్టు మార్కండేయులుగారూ, ఒక్క జాగ్రత్త. సరుకు ఓడ ఎక్కేదాకా ఏ ఇంట్లోనూ ఆడమనిషి రాట్నం దగ్గర కనపడకూడదు. ఆ ఆడిటరమ్మ ఈసారి చెప్పి రాదు. ఎప్పుడొస్తుందో, ఏ ఇంట్లో దూరుతుందో. ఫోటో పడిందా, ఇక ఈ సంతకాలన్నీ దొంగ సాక్ష్యాలే. యూరప్ మొత్తంలో మన గుడ్డ ముట్టుకునేవాడు ఉండడు."

"దానికేముందండీ, తలుపులేసుకుని చుడతారు."

"పని వేళల్లో తలుపు తెరిచి ఉంచాలండీ. ఎవరొచ్చినా లోపలికి రానివ్వాలి. అదీ ఒప్పందంలో ఉన్నదే." మెత్తటి గొంతుతో అంత మాట అనేసి కారెక్కాడు.

మార్కండేయులు తల ఊపాడు. ఆ ఊపుడు చూస్తే ఆయనకి అర్థం కాలేదని రేణుకకి తెలిసిపోయింది. కిరణ్‌కి మాత్రం అర్థమైంది. "ఓడకి పద్దెనిమిది రోజులుంది," అన్నాడు పెళ్ళాంతో గొణుగుతూ. "ఇంకా సగం ఆర్డరు నేయాలి."

మూడున్నరకి హాంబుర్గు నుంచి జవాబు వచ్చింది. అందాయి, ధన్యవాదాలు, ఆర్డరు కొనసాగించండి అని. మార్కండేయులు ఆ మాట మూడుసార్లు చదివించుకుని, దేవుడి పటానికి దండం పెట్టి, పొద్దుట్నుంచీ ఎక్కని మగ్గం ఎక్కాడు. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. బుట్టలో పొద్దున చుట్టి పెట్టిన కండెలు నాలుగున్నాయి. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

ఒకటి అయింది. రెండోది అయింది. ఆయన చేతివాటం అలాంటిది, కండెకి పది నిమిషాలు పట్టదు. నాలుగోది కూడా అయిపోయి నాడె ఖాళీగా అటునుంచి ఇటు వచ్చింది.

"ఏమే, కండె!"

ముప్ఫై మూడేళ్ళుగా ఆ కేకకి జవాబు ఉండదు. చేతిలోకి కండె వచ్చేస్తుంది, అంతే. ఈసారి రాలేదు.

"ఏమే! వినపడటం లేదా?"

శివపార్వతి మూడు బారల దూరంలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి.

"వినపడిందండీ. నేను చెయ్యకూడదుగా."

"సాధిస్తున్నావా నన్ను?"

"సాధింపు కాదు." ఆమె కళ్ళలో నీళ్ళు నిలిచాయి. "భయంగా ఉంది. వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, ఆవిడేమో అనిపిస్తోంది. నేను చెయ్యి పెడితే, అది ఆవిడ కంట పడితే, ముప్ఫై రెండు ఇళ్ళూ నా మూలంగానే పోయాయంటారు. ఒకసారి అన్నారుగా పొద్దున. రెండోసారి పడలేను. చేతులు మాత్రం ఊరుకోవట్లేదు, చూడండి, ఎలా కొట్టుకుంటున్నాయో!"

ఆమె వాటిని చీర కొంగులో చుట్టేసుకుంది.

మార్కండేయులు గుంటలోంచి లేచి వచ్చాడు. రాట్నం ముందు తనే కూర్చున్నాడు. ఎడమ చేత్తో పోగు పట్టుకుని కుడి చేత్తో తిప్పాడు. తెగింది. ముడేసి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తెగింది. ఊళ్ళో ఆయనంత నేతగాడు లేడని పేరు. ఒక్క కండె నిండడానికి అరగంట పట్టింది, అది కూడా వదులుగా చుట్టుకుంది. రేణుక వంటింట్లో నిలబడి చూడలేక మొహం తిప్పుకుంది.

అప్పుడొచ్చాడు భానుచందర్ మళ్ళీ. ఈసారి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"బాబాయ్, మా ఆవిడ రాట్నం ఎత్తి అటక మీద పెట్టేసింది. మా అమ్మ చెయ్యి పెట్టనంటోంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా అందరిదీ అదే మాట. సంతకాలు పెట్టాం, ఇక పట్టుబడితే ఎలా అని ఒణికిపోతున్నారు. నేను చుట్టుకుంటూ కూర్చుంటే మగ్గం ఎవరు నేస్తారు? పద్దెనిమిది రోజులు కాదుగదా, రెండు నెలలైనా కాదు."

మార్కండేయులు చేతిలో వదులు కండెతో కొడుకు వైపు తిరిగాడు. "ఆ కాగితం వెనక్కి తెప్పించు."

"ఎలా నాన్నా?" కిరణ్ దాదాపు అరిచాడు. "అందాయని జవాబు కూడా వచ్చేసింది! పొద్దున చెయ్యరని రాసి, సాయంత్రం చేస్తారని రాస్తే ఏమంటారు? యాభై నాలుగు అబద్ధాలు మన చేత్తో మనమే పంపాం అంటారు. ఆర్డరు ఈ పూటే పోతుంది."

"మరి నన్నేం చెయ్యమంటావురా?"

రేణుక వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. శివపార్వతి కోడలి వైపు చూడలేదు, మొగుడి వైపూ చూడలేదు. కొడుకునే అడిగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"ఒరే కిరణూ, నేను మళ్ళీ పని చెయ్యాలంటే ఎవర్ని అడగాలి రా? మీ నాన్ననా, ఆ హాంబుర్గువాళ్ళనా?"

సాయంత్రం అయిదు కూడా కాలేదు, వీధి మొత్తంలో ఒక్క మగ్గం చప్పుడు కూడా లేదు.